పొలాల్లో ప్లాట్ల రాళ్లు: ఇల్లూ కావాలి, పచ్చదనమూ కావాలి

కోత పండుగ ఆరాధనకు వరి కంకులు, పత్తి, మిర్చి, గుమ్మడికాయలు తెచ్చి బలిపీఠం ముందు పెట్టడం మన సంఘాల్లో పెద్దలనాటి అలవాటు. ఆ రోజు ఒకే బెంచీ మీద పక్కపక్కనే ఇద్దరు కూర్చుంటారు. ఒకరికి ఊరి చివర రెండెకరాల పొలం ఉంది. ఇంకొకరు ఏళ్లుగా అద్దె ఇంట్లో ఉంటూ, నూట యాభై గజాల జాగా కోసం నెలనెలా చీటీ కడుతున్నారు. ఆ రెండెకరాల్లో రేపు తెల్లరాళ్లు పాతితే ఒకరి పొలం పోతుంది, ఇంకొకరి కల నెరవేరుతుంది. ఇద్దరూ మన సంఘస్థులే. అందుకే ఈ చర్చలో ఒకరిని దుర్మార్గులు, ఇంకొకరిని అమాయకులు అనేసి తప్పుకోవడం మనకు కుదరదు. సంగతిని ముందు సరిగా అర్థం చేసుకుందాం.

ఎందుకింత వేగం?

2016 అక్టోబరు 11న పాత వరంగల్ జిల్లా నుంచి జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి కొత్త జిల్లాలుగా ఏర్పడ్డాయి. జిల్లా కేంద్రం రాగానే కలెక్టరేట్, పోలీసు కార్యాలయం, కాలేజీలు, ఆసుపత్రులు, వాటి వెంట ఉద్యోగులు వస్తారు. జనగామలో కొత్త సమీకృత కలెక్టరేట్ 2022 ఫిబ్రవరిలో, మహబూబాబాద్‌లో 2023 జనవరిలో ప్రారంభమయ్యాయి. జనగామకు ఇంకో కారణం కూడా ఉంది. హైదరాబాద్–వరంగల్ 163వ నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలైంది. రాజధాని నుంచి సుమారు 85 కిలోమీటర్ల దూరం ఇప్పుడు పెద్ద దూరం అనిపించడం లేదు. భూపాలపల్లికి సింగరేణి గనులు, చెల్పూరులోని విద్యుత్ కేంద్రం ఉండనే ఉన్నాయి.

ఈ కుటుంబాలకు ఇళ్లు కావాలి. ఆ అవసరం నిజమైనది. ఎక్కడ కట్టాలి, ఎవరి భూమిలో కట్టాలి, వాన నీళ్లు ఎటు పోవాలి, బండ్లు ఏ దారిన వెళ్లాలి అన్న ప్రశ్నలు కూడా అంతే నిజమైనవి.

2022లో జరిగింది

వరంగల్ చుట్టూ అవుటర్ రింగ్ రోడ్డు వెంట కాలనీలు అభివృద్ధి చేయడానికి కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ, అంటే కుడా, 2022లో భూసమీకరణ ప్రతిపాదన తెచ్చింది. వరంగల్, హన్మకొండ, జనగామ జిల్లాల్లోని 27 గ్రామాల్లో సుమారు 21,500 ఎకరాలు తీసుకోవాలన్నది ఆలోచన. రైతులు ఒప్పుకోలేదు. రోడ్లెక్కారు, రాస్తారోకోలు చేశారు. కొద్ది వారాల్లోనే ఆ ప్రతిపాదనను రద్దు చేయాల్సి వచ్చింది.

భూసమీకరణ అంటే ఏమిటో చాలామందికి ఇప్పటికీ స్పష్టంగా తెలియదు. భూసేకరణలో ప్రభుత్వం భూమి తీసుకుని డబ్బు ఇస్తుంది. దానికి 2013 నాటి చట్టం ఉంది. రెండు పంటలు పండే సాగునీటి భూమిని వేరే దారి లేనప్పుడు మాత్రమే తీసుకోవాలని ఆ చట్టంలోని 10వ సెక్షను చెబుతుంది. భూసమీకరణలో డబ్బుకు బదులు, రైతు ఇచ్చిన భూమిలో కొంత భాగం అభివృద్ధి చేసిన ప్లాట్ల రూపంలో తిరిగి వస్తుంది. అమరావతిలో మెట్ట ఎకరానికి 1,000 గజాల నివాస స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం ఇస్తామన్నారు. ఎకరమంటే 4,840 గజాలు. అంటే రైతుకు తిరిగొచ్చేది దాదాపు నాలుగో వంతు.

నగరం అనుకున్నట్టు పెరిగితే ఆ నాలుగో వంతు విలువ మొత్తం పొలం విలువను మించవచ్చు. పెరగకపోతే చేతిలో పొలమూ ఉండదు, కొనేవాడూ ఉండడు. 2019 తరువాత అమరావతి రైతులు ఏళ్ల తరబడి దీక్షా శిబిరాల్లో కూర్చోవలసి వచ్చిందంటే కారణం ఇదే. కుడా పరిధిలోని రైతులు ఆ కథను చూశారు.

ఇంకొక మాట కూడా గుర్తుంచుకోవాలి. భూమికి పరిహారమైనా ప్లాటైనా ప్రధానంగా వచ్చేది పట్టాదారు పాసుబుక్కులో పేరున్నవారికే. కౌలుకు చేసేవారు, నాట్లకు, కలుపుకు, మిర్చి ఏరడానికి వెళ్లే అక్కచెల్లెళ్లు చాలాసార్లు ఆ లెక్కలోకి రారు. మన సంఘాల్లో సెంటు భూమి లేని కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. పొలం ప్లాటుగా మారిన రోజున వారికి పోయేది కూలి పని. దాని గురించి అడిగేవారు తక్కువ.

పచ్చని పట్టీ అనే ఆలోచన

ఊరు అదుపు లేకుండా పాకిపోకుండా చుట్టూ కొంత భూమిని పచ్చగా వదలాలన్న ఆలోచన చాలా పాతది. ఇంగ్లండులో లండన్ చుట్టూ పచ్చని పట్టీ కోసం 1938లోనే చట్టం చేశారు. 1955లో ప్రభుత్వం ఇతర నగరాలకూ ఆ విధానాన్ని సిఫారసు చేసింది. దాని వల్ల పొలాలు, అడవులు మిగిలాయి. అయితే లోపల ఇళ్ల ధరలు పెరిగాయని, పట్టీ దాటి అవతల ఇల్లు కొన్నవారు రోజూ దూరం ప్రయాణిస్తున్నారని అక్కడ విమర్శలూ ఉన్నాయి. పచ్చదనం కాపాడినా దానికీ ఒక ఖర్చు ఉంటుంది.

మన దగ్గర దానికి దగ్గరి ఉదాహరణ 111 జీవో. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో నిర్మాణాలను పరిమితం చేస్తూ 1996లో ఇచ్చారు. 1908 మూసీ వరద తరువాత నగరాన్ని కాపాడటానికి కట్టిన చెరువులవి. ఆ ఆంక్షల వల్ల మా భూమికి ధర రాలేదని అక్కడి రైతులు పాతికేళ్లు వాపోయారు. 2022లో ప్రభుత్వం ఆ ఆంక్షలను తొలగిస్తూ 69వ జీవో ఇచ్చింది. నగరానికి మేలు చేసే పచ్చదనం భారమంతా కొద్దిమంది రైతుల మీదే పడితే, ఆ ఏర్పాటు ఎక్కువ కాలం నిలవదని ఇది చెబుతుంది.

పరిశుద్ధ గ్రంథం చదివేవారికి ఈ ఆలోచన కొత్తది కాదు. సంఖ్యాకాండము 35వ అధ్యాయంలో లేవీయులకు ఇచ్చిన పట్టణాల చుట్టూ పశువుల కోసం మైదానం కొలిచి వదలాలన్న ఆజ్ఞ ఉంది. ఆ పొలాన్ని అమ్మకూడదని లేవీయకాండము 25వ అధ్యాయం చెబుతుంది. నాబోతు కథ కూడా మనకు తెలుసు. అహాబు ముందుగా బలవంతం చేయలేదు. ఇంకా మంచి తోటగాని, డబ్బుగాని ఇస్తానన్నాడు. నాబోతుకు మాత్రం అది పితరుల స్వాస్థ్యం. ప్రతి అధికారీ అహాబు కాడు, భూమి అమ్ముకునే ప్రతి రైతూ తప్పు చేసినట్టు కాదు. కానీ వద్దు అని చెప్పే హక్కు నాబోతుకు ఉండాలన్నదే ఆ కథ నేర్పే మొదటి పాఠం.

నీళ్లూ, బండ్లూ

మన ప్రాంతంలో చెరువులు గొలుసుకట్టుగా ఉంటాయి. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. మధ్యలో ఉన్న శిఖం భూమి, వాగు, కాలువ ఎండాకాలంలో ఖాళీ జాగాలా కనిపిస్తాయి. చవకగా దొరికే ప్లాట్లలో కొన్ని అక్కడే ఉంటాయి. పది హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, లేదా అంతకు మించిన చెరువు హద్దు నుంచి 30 మీటర్ల లోపు, అంతకంటే చిన్న చెరువుకు 9 మీటర్ల లోపు కట్టకూడదని 2012 నాటి 168వ జీవో చెబుతోంది.

2023 జులైలో భూపాలపల్లి జిల్లా చిట్యాలలో ఒక్క రోజులో 616 మిల్లీమీటర్ల వాన పడింది. మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది. 2024 సెప్టెంబరు 1న మహబూబాబాద్ జిల్లా ఇంటికన్నె–కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయింది. అంత వానకు ఏ ఊరైనా తల్లడిల్లుతుంది. ఇవి ప్లాట్ల వల్లే వచ్చాయని మేము అనడం లేదు. కానీ అలాంటి వాన మళ్లీ వచ్చినప్పుడు నీటికి దారి ఉందా లేదా అన్నది మాత్రం మన చేతుల్లో ఉంది.

ఇక బండ్ల సంగతి. ఒక వెంచర్‌లో రెండు వందల ఇళ్లు వచ్చాయనుకుందాం. ఇంటికి రోజుకు నాలుగు ప్రయాణాలు అనుకున్నా ఎనిమిది వందలు అవుతాయి. వెంచర్ లోపల వెడల్పాటి రోడ్లు చూపిస్తారు. బయటికి వచ్చాక అవన్నీ కలిసేది ట్రాక్టరుకు ఎదురుగా ఆటో వస్తే ఒకరు దిగి నిలబడవలసిన పాత ఊరి రోడ్డులోనే. ఊళ్లో రద్దీ తగ్గించడానికి బైపాస్ వేస్తారు. కొన్నేళ్లకు దానికి రెండు పక్కలా ప్లాట్లు, దాబాలు, షోరూములు వస్తాయి. బైపాసే బజారు అవుతుంది. భూపాలపల్లిలో బొగ్గు లారీలు, ఇసుక లారీలు తిరిగే 353సి జాతీయ రహదారినే బడిపిల్లల సైకిళ్లూ దాటాలి. కాబట్టి కొత్త కాలనీకి అనుమతి ఇచ్చేటప్పుడు లోపలి రోడ్డు వెడల్పుతో పాటు బయటి రోడ్డు ఎంత మోయగలదు, సర్వీసు రోడ్డు ఉందా, బస్సు వస్తుందా అని అడగాలి. ఆ ప్రశ్న అడిగితే అభివృద్ధిని అడ్డుకున్నట్టు కాదు.

మ్యాపులో రంగులు

ఈ నిర్ణయాలన్నీ మాస్టర్ ప్లాన్ అనే మ్యాపులో రంగులుగా ఉంటాయి. ఒక రంగు నివాసానికి, ఒకటి పరిశ్రమకు, ఒకటి వ్యవసాయానికి, ఒకటి పచ్చదనానికి. మీ సర్వే నంబరు ఏ రంగులో పడిందో దాన్ని బట్టి భూమి విలువ మారిపోతుంది. 2023 జనవరిలో కామారెడ్డి రైతులు తమ పొలాలు పారిశ్రామిక జోన్‌లో, రిక్రియేషన్ జోన్‌లో పడ్డాయని తెలిసి కలెక్టరేట్‌ను ముట్టడించారు. అంతకు ముందే ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. చివరికి మున్సిపల్ పాలకవర్గం ఆ ముసాయిదాను రద్దు చేస్తూ తీర్మానించింది. జగిత్యాలలోనూ అదే నెలలో ముసాయిదా వెనక్కి పోయింది. ఆ రైతులు పచ్చదనానికి వ్యతిరేకులు కారు. తమను అడగకుండా తమ భూమికి రంగు వేయడం వారిని గాయపరిచింది.

వరంగల్ ప్రాంతానికి 2041 వరకు వర్తించే మాస్టర్ ప్లాన్‌ను 2024 నవంబరులో ప్రభుత్వం ఆమోదించింది. జనగామ జిల్లాలో కొంత భాగం దాని పరిధిలో ఉంది. ఆ మ్యాపులో మీ ఊరు ఉందో లేదో చూసుకోండి. మిగతా పట్టణాల ముసాయిదాలు వెలువడినప్పుడు అభ్యంతరాలు చెప్పడానికి గడువు ఇస్తారు. ఆ గడువులో రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకున్న ఒక్క కాగితం ఆ తరువాత చేసే పది ధర్నాల కంటే బలమైనది.

సంఘం చేయగలిగింది

మొదటిది, కొనేవారికి జాగ్రత్త చెప్పడం. లేఅవుట్‌కు అనుమతి నంబరు ఉందా? భూమి నాలా మార్పిడి అయిందా? సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందా? లావుణి పట్టా భూమా? 1977 చట్టం ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకం చెల్లదు. గుంటల లెక్కన వ్యవసాయ భూమిగా రిజిస్టరు చేసి ఇంటి జాగా అని చెప్పి ఇస్తే అది లేఅవుట్ కాదు. 2020లో అనుమతి లేని ప్లాట్ల క్రమబద్ధీకరణకు రాష్ట్రమంతటా పాతిక లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం అదనంగా కట్టాలన్నారు. అమ్మినవాడు వదలని పార్కుకు కొన్నవాడు డబ్బు కట్టాలన్నమాట.

రెండవది, మన ఇల్లు మనం చక్కదిద్దుకోవడం. మందిరం కోసం చవకగా దొరికిందని శిఖంలోనో, లావుణి పట్టాలోనో జాగా తీసుకున్న సంఘాలు ఉంటే, ఇతరులకు చెప్పే ముందు ఆ కాగితాలు తీసి చూడాలి. మందిరానికి ఆనుకొని ఉన్న ఖాళీ స్థలంలో దుకాణాల గదులు కట్టి అద్దెకివ్వాలన్న మాట కమిటీలో వచ్చినప్పుడు, ఆ వీధికి మిగిలిన ఒక్క చెట్టు నీడ అదేనేమో ఒకసారి ఆలోచించాలి.

మూడవది, గ్రామసభకు వెళ్లడం. అక్కడ పొలం ఉన్న రైతు మాట్లాడతాడు, వెంచర్ వాళ్లూ మాట్లాడతారు. కూలి తల్లి మాట, అద్దె ఇంటి కుటుంబం మాట వినిపించేవారు కావాలి. పట్టణం లోపల ఖాళీగా పడి ఉన్న ప్లాట్లలో ముందు ఇళ్లు రానివ్వండి, చెరువు కింది రెండు పంటల భూమిని చివరికి వదలండి, తీసుకోక తప్పకపోతే పట్టా లేనివారికీ ఏదైనా దారి చూపండి అని అడగడంలో ఏ పార్టీ రాజకీయమూ లేదు.

డోర్నకల్‌లో బిషప్ అజరయ్య కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ 1939లో ప్రతిష్ఠితమైంది. ఆయన కాలంలో ఈ ప్రాంతపు సంఘాల్లో అధికశాతం పొలం పని చేసుకునే పల్లె కుటుంబాలే. వారి మనుమలు ఈరోజు ఇల్లు కోరుకోవడం సహజం. అది అందరికీ దక్కాలి. వచ్చే కోత పండుగకు బలిపీఠం ముందు పెట్టే వరి కంకులు మాత్రం మన ఊరి పొలంలోనివే కావాలి, దుకాణంలో కొనితెచ్చినవి కాకూడదు. ఈ రెండు కోరికలూ ఒకే బెంచీ మీద కూర్చుని ఉన్నాయి. ముందుగా ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాలి.