మా లూకాని ఎందుకిచ్చేశారు?

ఆటగాడు జట్టు మారితే అభిమానులు అలగడం మామూలే. స్టేడియం ముందుకి శవపేటిక మోసుకొచ్చి పెట్టడం మాత్రం మామూలు కాదు. అమెరికాలోని డాలస్‌లో 2025 ఫిబ్రవరి 2న అదే జరిగింది. ఆ పెట్టెలో ఎవరూ లేరు. లూకా డాంచిచ్ మీద ఆ ఊరు పెట్టుకున్న ఆశలకి అంత్యక్రియలన్నమాట!

అంతకు ముందు శనివారం రాత్రి పదకొండు దాటాక వచ్చిందా వార్త. మనకి అప్పటికి ఆదివారం పొద్దున్న. డాలస్ మావరిక్స్ బాస్కెట్‌బాల్ జట్టు తమ స్టార్ ఆటగాణ్ని లాస్ ఏంజెలిస్ లేకర్స్‌కి ఇచ్చేసిందని షామ్స్ చరానియా అనే క్రీడా విలేకరి ఇంటర్నెట్‌లో పెట్టాడు. చాలామంది నమ్మలేదు. అతని అకౌంట్‌ని ఎవరో హ్యాక్ చేశారనుకున్నారు. అంతెందుకు... నిద్రకి ఉపక్రమిస్తుంటే ఫోనొచ్చిందనీ, ఇవాళ ఏప్రిల్ ఒకటో తేదీ కాదు కదా అని చూసుకున్నాననీ తర్వాత లూకాయే చెప్పాడు.

బేరం ఇదీ. లూకాతోపాటు మరో ఇద్దరు ఆటగాళ్లు లేకర్స్‌కి. బదులుగా ఆంటొనీ డేవిస్, మాక్స్ క్రిస్టీ, 2029 డ్రాఫ్ట్ తొలి రౌండులో కొత్త ఆటగాణ్ని ఎంచుకునే ఒక అవకాశం డాలస్‌కి. మధ్యలో లెక్క కుదర్చడానికి యూటా జట్టు. అప్పటికి లూకాకి పాతికేళ్లు, డేవిస్‌కి ముప్ఫై ఒకటి.

ఆటగాడి మాట అక్కర్లేదు

ఎన్‌బీఏలో వస్తువుకి వస్తువు మార్చుకున్నట్టు ఆటగాళ్లని మార్చుకుంటారు. దాన్నే ట్రేడ్ అంటారు. ఒప్పందంలో ప్రత్యేకంగా రాయించుకున్న కొద్దిమందిని మినహాయిస్తే, మిగతావాళ్లని అడగాల్సిన పని కూడా లేదు. ఎవర్ని తేవాలి, ఎవర్ని పంపాలి అన్నది జనరల్ మేనేజర్ తేలుస్తాడు. కోచ్ పని, చేతికిచ్చినవాళ్లతో ఆడించడమే. డాలస్ జట్టుకి 2021 నుంచి ఆ కుర్చీలో ఉన్నది నికో హారిసన్. అంతకుముందు నైకీ కంపెనీలో పెద్ద ఉద్యోగి.

ఇలాంటి బాధ మన హైదరాబాదీలకి కొత్తేం కాదు. సన్‌రైజర్స్‌కి 2016లో ఐపీఎల్ కప్పు తెచ్చిపెట్టిన డేవిడ్ వార్నర్‌ని 2021లో కెప్టెన్సీ నుంచి తప్పించి, ఆ తర్వాత జట్టులోంచే పంపేశారు. తెలుగు పాటలకి స్టెప్పులేసిన ఆస్ట్రేలియా వాణ్ని మనవాడే అనుకున్నవాళ్లంతా ఉసూరుమన్నారు. కానీ వార్నర్ ఆ సీజన్‌లో ఫామ్‌లో లేడు. లూకా సంగతి అలా కాదే!

మాడ్రిడ్ నుంచి వచ్చిన కుర్రాడు

లూకాది ఐరోపాలోని చిన్న దేశం స్లొవేనియా. పదమూడేళ్లకే ఇల్లు వదిలి స్పెయిన్‌లోని రియల్ మాడ్రిడ్ క్లబ్బులో చేరాడు. పదహారేళ్లకి పెద్దవాళ్ల జట్టులో ఆడాడు. 2018లో డాలస్ వచ్చాడు. అప్పటికి ఆ జట్టులో డర్క్ నొవిట్‌స్కీ అనే జర్మన్ దిగ్గజం ఉన్నాడు. ఇరవై ఒక్క సీజన్లూ ఒక్క డాలస్‌కే ఆడి, 2011లో టైటిల్ గెలిపించిన మనిషి. డర్క్ ఆఖరి సీజను, లూకా తొలి సీజను ఒక్కటే. పెద్దాయన చేతిలోంచి కుర్రాడి చేతికి దీపం అందినట్టే అభిమానులు చూసుకున్నారు.

కుర్రాడు కూడా తక్కువ తినలేదు. 2020 నుంచి 2024 దాకా వరసగా ఐదుసార్లు ఎన్‌బీఏ అత్యుత్తమ ఐదుగురిలో ఒకడిగా నిలిచాడు. 2024 జనవరిలో అట్లాంటా మీద ఒక్క మ్యాచ్‌లో 73 పాయింట్లు కొట్టాడు. అదే ఏడాది జట్టుని ఫైనల్స్‌కి తీసుకెళ్లాడు. అక్కడ బోస్టన్ చేతిలో 4-1తో ఓడారు కానీ, ఆశ మాత్రం పెరిగింది. పాత యజమాని మార్క్ క్యూబన్ అయితే, పెళ్లామా లూకాయా తేల్చుకోమంటే విడాకుల లాయరు దగ్గర ఉంటానని ఓసారి సరదాగా అన్నాడు! 2023 చివర్లో ఆయన మెజారిటీ వాటా అమ్మేశాడు. కొత్త యజమానులు వచ్చారు.

డాలస్ చుట్టుపక్కల ప్లేనో, ఫ్రిస్కోల్లో తెలుగు కుటుంబాలు ఎన్నున్నాయో తెలిసిందే. క్రికెట్ చూసే తండ్రికి, బాస్కెట్‌బాల్ పిచ్చి ఉన్న కొడుక్కి మధ్య, 77 నంబరు చొక్కా కొనివ్వడం దగ్గర ఎన్ని ఇళ్లలో రాజీ కుదిరి ఉంటుందో!

తప్పా... ఒప్పా?

హారిసన్ చెప్పిన కారణం ఒకే ముక్క. డిఫెన్స్ ఉంటేనే టైటిళ్లు వస్తాయి. డేవిస్ అందులో దిట్ట. లూకా పాయింట్లు కొడతాడు కానీ ఎదుటివాణ్ని ఆపడంలో అంతంతమాత్రం.

ఈ వాదనని సమర్థించినవాళ్లూ లేకపోలేదు. ఫైనల్స్‌లో బోస్టన్ వాళ్లు లూకా వైపు నుంచే దూసుకెళ్లారు కదా, ఒంటి మీద శ్రద్ధ ఉంటే 2024 క్రిస్మస్ నాడు పిక్క పట్టేసి ఇన్ని వారాలు కూర్చునేవాడా అన్నారు. డబ్బు సంగతి కూడా ఉంది. ఆ వేసవిలో లూకాకి ఐదేళ్లకి సుమారు 34.5 కోట్ల డాలర్ల ఒప్పందం ఇవ్వాల్సి వచ్చేది. ఒంటి మీద ధ్యాస లేనివాడికి అంత పోస్తారా అన్నది వాళ్ల ప్రశ్న.

అవతలివాళ్ల జవాబు కూడా బలంగానే ఉంది. పాతికేళ్లవాడు ఒళ్లు తగ్గించుకోగలడు, ముప్ఫై రెండులో పడబోయేవాడు వయసు తగ్గించుకోగలడా? పైగా గాయాల మాటకొస్తే డేవిస్ చరిత్రేం తక్కువ?

ఇవన్నీ ఒక ఎత్తు. రచ్చబండల దగ్గర ఎవరూ సమాధానం చెప్పలేకపోయిన ప్రశ్న ఇంకోటుంది. హారిసన్ ఈ బేరాన్ని ఒక్క లేకర్స్ మేనేజర్ రాబ్ పెలింకాతోనే, జనవరిలో కాఫీ తాగుతూ మొదలుపెట్టి, గుట్టుగా నడిపించాడు. సంతలో ఎద్దుని అమ్మేవాడు కూడా నలుగురితో బేరమాడతాడు. మరి ప్రపంచంలోని మేటి ఆటగాళ్లలో ఒకణ్ని ఇస్తూ మిగతా జట్లని అడగనే లేదేం? తొలి రౌండు అవకాశం ఒక్కటంటే ఒక్కటే తీసుకున్నాడేం? లూకాని పంపాలనుకోవడం తప్పో ఒప్పో తేలడం కష్టం. చవగ్గా ఇచ్చేశాడన్నది మాత్రం కాదనలేం. క్యూబన్ కూడా, అమ్మదలిస్తే అమ్మండి, మంచి ధరకైనా అమ్మాల్సింది అన్నట్టే మాట్లాడాడు.

గొంతు నొక్కినా ఆగలేదు

తర్వాత జరిగినవి హారిసన్‌కి అస్సలు కలిసిరాలేదు. ఫిబ్రవరి 8న డేవిస్ డాలస్ తరఫున తొలి మ్యాచ్ ఆడాడు. 26 పాయింట్లు, 16 రీబౌండ్లు... అద్భుతం అనుకునేలోపే తొడ కండరం పట్టేసి బయటికెళ్లిపోయాడు. మార్చి 3న ఇంకో స్టార్ కైరీ అర్వింగ్‌కి మోకాలి లిగమెంట్ తెగింది. స్టేడియంలో ‘ఫైర్ నికో’ అన్న కేకలు మొదలయ్యాయి. అంటే నికోని పీకేయండని! నిరసన తెలిపిన కొందరిని ఓ మ్యాచ్ మధ్యలో బయటికి పంపారు. దాంతో కేకలు తగ్గకపోగా ఇంకా పెరిగాయి. లూకా లేకర్స్ తరఫున తొలిసారి ఆడిన రోజున డర్క్ నొవిట్‌స్కీ లాస్ ఏంజెలిస్ వెళ్లి మరీ చూశాడు. ఆయన ఏమీ అనక్కర్లేకపోయింది.

లూకా కూడా ఊరుకోలేదు. డాలస్ పత్రికలో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చి ఊరికి కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఏప్రిల్ 9న ప్రత్యర్థిగా అక్కడికి వచ్చాడు. మ్యాచ్‌కి ముందు అతని ఆట జ్ఞాపకాలతో వీడియో వేశారు. బెంచీ మీద కూర్చుని ఏడ్చేశాడు. కళ్లు తుడుచుకుని కోర్టులోకి దిగి 45 పాయింట్లు కొట్టాడు. సొంత జట్టు ఓడిపోతుంటే ఎదుటివాడు వేసిన ప్రతి బంతికీ ఇరవై వేలమంది చప్పట్లు కొట్టడం ఆటల్లో అరుదు. లేకర్స్ 112-97తో గెలిచింది. ఆ నెల్లోనే హారిసన్ విలేకరుల ముందు ఓ మాట ఒప్పుకున్నాడు. లూకా అభిమానులకి ముఖ్యమని తెలుసు గానీ మరీ ఇంతని తెలీదన్నాడు. ఒక ఊరి జట్టుని నడిపే మనిషికి తెలియాల్సిన మొదటి సంగతి అదే కదా!

డాలస్ ఆ సీజన్‌లో ప్లేఆఫ్స్‌కే చేరలేదు. లేకర్స్ చేరింది కానీ తొలి రౌండులోనే మిన్నెసోటా చేతిలో ఓడింది.

ఇక్కడే కథ అడ్డం తిరిగింది. కొత్త ఆటగాళ్లని ఎంచుకోవడంలో ఎవరిది మొదటి వంతో తేల్చడానికి మే 12న లాటరీ తీశారు. డాలస్‌కి దక్కే అవకాశం 1.8 శాతం. దక్కింది! జూన్‌లో కూపర్ ఫ్లాగ్ అనే పద్దెనిమిదేళ్ల మెరిక జట్టులోకొచ్చాడు. లూకాని ఇచ్చినందుకే లీగు పెద్దలు ఈ బహుమతి ఇచ్చారని కొందరు గుసగుసలాడారు. దానికి ఆధారం ఏమీ లేదు. లూకా ఉంటే లాటరీ దాకా వచ్చేవాళ్లమా, హారిసనే గెలిచాడని ఇంకొందరు. గుడ్డివాడి చేతికి పిట్ట చిక్కితే వేటగాడంటారా అని మరికొందరు.

ఆ వేసవిలో లూకా బాగా సన్నబడి కనిపించాడు. ఆగస్టులో లేకర్స్‌తో మూడేళ్లకి 16.5 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. కొత్త సీజన్ తొలి రెండు మ్యాచ్‌ల్లో 43, 49 పాయింట్లు కొట్టాడు. డాలస్ అప్పుడు ఆడిన పదకొండింట్లో మూడే గెలిచింది. 2025 నవంబరు 11న యాజమాన్యం హారిసన్‌ని తొలగించింది. ముందురోజు రాత్రి మ్యాచ్‌లో కూడా స్టేడియం ‘ఫైర్ నికో’ అంటూనే ఉంది.