ఐదు స్పీకర్లు మోగినంత మాత్రాన

టీవీ కింద రిసీవర్ పెట్టి, గది చుట్టూ స్పీకర్లు బిగించి, అన్నింట్లోంచీ శబ్దం వినబడితే హోమ్ థియేటర్ సిద్ధమైనట్టే అనుకుంటాం. కానీ ఆ ఐదూ కలిసి పలుకుతున్నది రెండే ఛానళ్ల స్టీరియో కావచ్చు. చాలా రిసీవర్లలో మల్టీ ఛానల్ స్టీరియో అనే మోడ్ ఒకటి ఉంటుంది. ముందు స్పీకర్లకు వెళ్లేదాన్నే అది వెనక స్పీకర్లకూ పంచిపెడుతుంది. గది నిండా హోరు ఉంటుంది గానీ, సౌండ్ ఇంజనీరు వెనక కుడిపక్క నుంచి వినిపించాలని పెట్టిన అడుగుల చప్పుడు ఎదురుగానూ వినిపిస్తుంది. గరగరలు ఉండవు, తెర మీద హెచ్చరిక రాదు, కాబట్టి ఏదో పోయిందన్న అనుమానమే కలగదు. ఇలా పోవడానికి కారణం ఎక్కువగా వైరు నాణ్యత కాదు. ఆ వైరు ఏ సాకెట్టులో ఉంది, పరికరాల మెనూల్లో ఏ సెట్టింగు ఉంది అన్నవే కారణం. కొనేవాళ్ల డబ్బూ ఆందోళనా మాత్రం వైరు మీదికే పోతున్నాయి.

సాకెట్టుకు అంత ప్రాధాన్యం ఎందుకో అంకెల్లో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. 1982లో బజారులోకి వచ్చిన ఆడియో సీడీలో ఒక్కో ఛానల్‌కు సెకనుకు 44,100 నమూనాలు, ఒక్కో నమూనాకు 16 బిట్లు. రెండు ఛానళ్లకూ కలిపి సెకనుకు 14 లక్షల పైచిలుకు బిట్లు. ఇంట్లో డిజిటల్ శబ్దాన్ని ఒక పెట్టె నుంచి ఇంకో పెట్టెకు మోయడానికి సోనీ, ఫిలిప్స్ కలిసి రూపొందించిన ఎస్‌పీడీఐఎఫ్ పద్ధతి ఈ స్టీరియో లెక్క మీదే పుట్టింది. రాగి వైరు మీద వెళ్తే దాన్ని కోయాక్సియల్ అంటాం. తోషిబా 1983లో తెచ్చిన ప్లాస్టిక్ తంతువు మీద ఎర్రటి కాంతిగా వెళ్తే ఆప్టికల్ అంటాం. దారి వేరైనా సరుకు ఒకటే. తర్వాత డీవీడీలు వచ్చినప్పుడు ఆరు ఛానళ్ల 5.1 శబ్దాన్ని ఇదే దారిలో పంపగలిగారంటే, డాల్బీ డిజిటల్ దాన్ని సెకనుకు 4.48 లక్షల బిట్లకు మించకుండా కుదించింది కాబట్టి. కుదించకుండా పంపాలంటే 24 బిట్ల, 48 కిలోహెర్ట్జ్ ఆరు ఛానళ్లకు దాదాపు 69 లక్షల బిట్లు కావాలి. ఆప్టికల్ సాకెట్టు పద్ధతిలో దానికి చోటే లేదు. బ్లూరే డిస్కుల్లో ఉండే డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోలకూ అంతే. ఎంత ఖరీదైన ఆప్టికల్ వైరు తెచ్చినా అవి అందులోంచి రావు. 2002 చివర్లో తొలి ప్రమాణం వెలువడిన హెచ్‌డీఎంఐ మాత్రం మొదటి నుంచే ఎనిమిది ఛానళ్లను కుదించకుండా మోయగలదు.

అందుకే డిస్క్ ప్లేయర్, సెట్‌టాప్ బాక్స్, గేమ్ కన్సోల్ లాంటివాటిని ముందు రిసీవర్‌కు కలిపి, అక్కణ్నుంచి ఒకే ఒక హెచ్‌డీఎంఐ వైరు టీవీకి లాగడం మంచిది. అన్నీ టీవీకి గుచ్చి, టీవీ నుంచి ఆప్టికల్ వైరుతో శబ్దాన్ని బయటికి తీసుకోవడం సులువే. కానీ అప్పుడు శబ్దం ఎలా వెళ్లాలో టీవీ నిర్ణయిస్తుంది. బయటి పెట్టె నుంచి వచ్చిన 5.1ను ఆప్టికల్ వైపు పంపేటప్పుడు స్టీరియోగా కుదించేసే టీవీలు ఉన్నాయి. మరి టీవీలోనే ఉన్న ఓటీటీ యాప్‌ల సంగతో? వాటి శబ్దం రిసీవర్‌కు వెనక్కి రావడానికే 2009లో ఆర్క్ వచ్చింది. పైకి తెర బొమ్మను తీసుకెళ్లే వైరులోనే శబ్దం కిందికి దిగివస్తుంది. ఓటీటీల్లోని డాల్బీ ఆట్మాస్ శబ్దం సాధారణంగా డాల్బీ డిజిటల్ ప్లస్‌లో వస్తుంది కాబట్టి, దాన్ని పంపగల టీవీ అయితే ఆర్క్ సరిపోతుంది. ట్రూహెచ్‌డీ లాంటివాటికి 2017లో వచ్చిన ఈ-ఆర్క్ కావాలి. టీవీ వెనక మూడు నాలుగు హెచ్‌డీఎంఐ సాకెట్లు ఉన్నా, ఆర్క్ అని రాసి ఉండేది సాధారణంగా ఒక్కదాని మీదే. పక్కదాంట్లో గుచ్చితే బొమ్మ చక్కగా వస్తుంది, శబ్దం వెనక్కి రాదు. సరైన సాకెట్టు దొరికాక కూడా టీవీ సౌండ్ మెనూలో డిజిటల్ అవుట్‌పుట్ పీసీఎం అని ఉంటే, ఆర్క్ మీద వచ్చేది మళ్లీ స్టీరియోనే. దాన్ని బిట్‌స్ట్రీమ్‌కో పాస్‌త్రూకో మార్చాలి. సెట్‌టాప్ బాక్సుల్లోనూ ఇలాంటి సెట్టింగే స్టీరియో మీద ఉండిపోతుంటుంది.

వైరును బట్టి శబ్దం మారుతుందని గట్టిగా నమ్మేవాళ్లున్నారు. వాళ్ల వాదనలో కొట్టిపారేయకూడని అంశం ఒకటుంది. ఎస్‌పీడీఐఎఫ్‌లో బిట్లతో పాటు వాటి కాలమానం కూడా అదే వైరులో వస్తుంది. ఆ లయ అతి స్వల్పంగా తడబడడాన్ని జిటర్ అంటారు. అది నిజంగానే ఉంది, కొలవవచ్చు కూడా. అయితే దాన్ని సరిదిద్దే పని శబ్దాన్ని అందుకునే పరికరంలోని సర్క్యూట్‌ది. ఇంట్లో వాడే ఒకటి రెండు మీటర్ల వైరులో దాని ఖరీదు తెచ్చే తేడా, ఆ సర్క్యూట్ తెచ్చే తేడా ముందు లెక్కలోకి రాదు. డిజిటల్ వైరు నిజంగా పాడైతే గొంతు మందగించడమో మాధుర్యం తగ్గడమో జరగదు. శబ్దం తెగితెగి వస్తుంది, తెర మీద చుక్కలు మెరుస్తాయి, లేదా రెండూ ఆగిపోతాయి. అది ఎవరికైనా తెలిసిపోయే లోపం. వైరు మీద శ్రద్ధ అవసరమైన చోటు పొడవు దగ్గర. ప్రొజెక్టర్ కోసం గోడలో పది, పదిహేను మీటర్ల హెచ్‌డీఎంఐ వేయాల్సి వస్తే మామూలు రాగి వైరు తట్టుకోకపోవచ్చు. కొత్త ఇల్లు కట్టేటప్పుడే వెడల్పాటి పైపు వేయించుకుంటే రేపు వైరు మార్చుకోవడానికి గోడ పగలగొట్టక్కర్లేదు.

ఇదంతా చదివి ఆప్టికల్ సాకెట్టు మాత్రమే ఉన్న పాత యాంప్లిఫయర్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేయాల్సిన పని లేదు. పాటలు వినడానికి, డాల్బీ డిజిటల్ 5.1లో సినిమా చూడడానికి ఆ దారి ఇప్పటికీ నిండుగా సరిపోతుంది. దానికున్న ఒక సుగుణం రాగికి లేదు. కేబుల్ టీవీ వైరుకీ ఇంటి కరెంటుకీ ఎర్త్ వేర్వేరుగా ఉన్న చోట, రాగి వైరుతో పరికరాలను కలిపితే స్పీకర్లలో 50 హెర్ట్జ్ హోరు ఎడతెగకుండా వినిపించవచ్చు. ప్లాస్టిక్ తంతువులో కరెంటు పారదు కాబట్టి ఆ రెండు పెట్టెల మధ్య ఆ హోరు తెగిపోతుంది. కొత్త ఆప్టికల్ వైరు కొసలకు తొడిగి ఉండే చిన్న పారదర్శక తొడుగుల్ని తీసేయడం, వైరును గోడ మూల దగ్గర మడత పడకుండా వదులుగా తిప్పడం చూసుకుంటే చాలు.

మన ఇంట్లో సంగతి తేల్చుకోవడానికి పరికరాలేమీ అక్కర్లేదు. 5.1 అని వివరాల్లో రాసి ఉన్న సినిమాను పెట్టి, రిమోట్‌లో ఇన్ఫో బటన్ నొక్కి, రిసీవర్ తెరలో ఇన్‌పుట్ దగ్గర ఏముందో చూడాలి. డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్ లాంటి పేరుతో పాటు 5.1 అని ఉంటే శబ్దం సవ్యంగా వస్తోంది. పీసీఎం 2.0 అని ఉంటే దారిలో ఎక్కడో స్టీరియోగా కుదించుకుపోయింది. డాల్బీ సరౌండ్ అన్న మాట కనిపిస్తే మాత్రం తొందరపడకూడదు. కొత్త రిసీవర్లలో అది వచ్చిన స్టీరియోను సాగదీసి స్పీకర్లన్నింటికీ పంచే మోడ్ పేరు కూడా. అప్పుడు ఇన్‌పుట్ వరసను మళ్లీ చూసి, అక్కడ 2.0 ఉంటే ముందు టీవీ సౌండ్ మెనూ, తర్వాత సెట్‌టాప్ బాక్స్ మెనూ, ఆ పైన టీవీ వెనక సాకెట్టు, ఈ వరసలో వెతకాలి. కొత్త వైరు కోసం దుకాణానికి వెళ్లడం ఈ మూడూ చూశాకే.