శిక్షణ గ్రాంటు కూడా అమానతే: ప్రగతి నివేదికలు ఎందుకు, ఎలా?

మన ఊళ్లలో అంజుమన్లు, సొసైటీలు, మహిళా సంఘాలు యువతకు పని నేర్పించడానికి ముందుకు వస్తున్నాయి. కుట్టు, కంప్యూటర్, మొబైల్ రిపేరు, ఏసీ మెకానిక్ వంటి శిక్షణలకు ప్రభుత్వ గ్రాంటు మంజూరైతే ఆ రోజు మిఠాయిలు పంచుకుంటాం. మంజూరు ఉత్తర్వు వెనక పేజీల్లోని షరతులు మాత్రం చాలామందిమి చదవం. అసలు సంగతి అక్కడే ఉంటుంది. గ్రాంటు మొత్తం ఒకేసారి చేతికి రాదు, విడతలుగా వస్తుంది. ప్రతి విడతకూ ముందు ఒక నివేదిక ఇవ్వాలి. నివేదిక ఆగితే డబ్బు ఆగుతుంది, డబ్బు ఆగితే తరగతి ఆగుతుంది. అప్పుడు నష్టపోయేది సొసైటీ కంటే ముందు, నమ్మి మన దగ్గరికి వచ్చిన పిల్లలే.

నేను గతంలో పనిచేసిన ఒక సంస్థలో జరిగింది చెబుతాను. కుట్టు శిక్షణకు 30 మంది ఆడపిల్లలు చేరారు. హాజరు పట్టిక ఏ రోజుకారోజు రాసేవాళ్లం కాదు. నెలాఖరులో నేనూ టీచరమ్మా కూర్చుని, గుర్తున్నంతవరకు టిక్కులు పెట్టేవాళ్లం. తనిఖీకి వచ్చిన అధికారి పట్టికలోంచి మూడు పేర్లు తీసుకుని ఆ ఇళ్లకు ఫోన్ చేశారు. ఒక తల్లి, "మా పాప మానేసి రెండు నెలలైంది సాబ్, సాయంత్రం చీకటి పడ్డాక ఒంటరిగా రావాలంటే భయం" అంది. పట్టికలో మాత్రం ఆ పాప రోజూ వచ్చినట్టే ఉంది. మేము ఒక్క రూపాయి తినలేదు. ఆ మాట ఎవరికి చెప్పినా ఏం లాభం? తర్వాతి విడత ఆగిపోయింది. టీచరమ్మ జీతం చందాలు వసూలు చేసి ఇచ్చాం. మిగిలిన పిల్లలకు సర్టిఫికెట్లు ఆలస్యమయ్యాయి. అంతకన్నా బాధ కలిగించిన విషయం ఇంకొకటి. మొదటి నెల నివేదికలోనే "ఇంతమంది మానేశారు, కారణం ఇది" అని రాసి ఉంటే, ఆ కారణం మా కళ్ల ముందుండేది. తరగతిని మధ్యాహ్నానికి మార్చుకునేవాళ్లం. ఆ పాప చదువు నిలబడేది.

అందుకే ఈ నివేదికల సంగతి వివరంగా తెలుసుకుందాం.

విడతల లెక్క

మైనారిటీ యువత కోసం కేంద్ర మైనారిటీ వ్యవహారాల శాఖ 2013-14లో 'సీఖో ఔర్ కమావో' ప్రారంభించింది. శిక్షణ పొందినవారిలో కనీసం 75 శాతం మందికి ఉపాధి చూపించాలనేది దానిలో ముఖ్యమైన షరతు. తర్వాత నయీ మంజిల్, ఉస్తాద్ వంటి పథకాలతో కలిపి దీన్ని 'పీఎం వికాస్' కిందికి తెచ్చారు. వేర్వేరు శాఖల శిక్షణ పథకాలన్నింటికీ ఒకే పద్ధతి ఉండాలని 2015 జూలైలో కేంద్రం ఉమ్మడి నిబంధనలు ప్రకటించింది. వాటిని తర్వాత సవరిస్తూ వచ్చారు. పథకాన్ని బట్టి అంకెలు మారవచ్చు కాబట్టి మీ ఒప్పందంలో ఏముందో అదే ప్రమాణం. అయినా 2015 నాటి లెక్క అర్థమైతే మిగతావన్నీ సులభంగా అర్థమవుతాయి.

ఒక బ్యాచ్‌లో 30 మంది ఉన్నారని, మొత్తం ఖర్చు 3 లక్షలని అనుకుందాం. శిక్షణ మొదలైనప్పుడు 30 శాతం, అంటే 90 వేలు వస్తాయి. ఆ డబ్బు ఖర్చు చేసినట్టు లెక్క చూపి, చేరినవారిలో కనీసం 70 శాతం, అంటే 21 మంది కొనసాగుతుంటే రెండో విడతగా 50 శాతం, లక్షా 50 వేలు వస్తాయి. మిగిలిన 20 శాతం, 60 వేలు, ఫలితాన్ని బట్టి ఇస్తారు.

ఫలితం అంటే ఉపాధి. 24 మంది పరీక్ష పాసై సర్టిఫికెట్ పొందారనుకుందాం. వారిలో 70 శాతం, అంటే 17 మందికి మూడు నెలల్లోగా ఉపాధి దొరకాలి. పాసైనవారిలో కనీసం సగం మంది, అంటే 12 మంది, జీతం వచ్చే ఉద్యోగంలో ఉండాలి. అలా అయితే చివరి విడత పూర్తిగా వస్తుంది. ఉపాధి దొరికినవారు 50 నుంచి 69 శాతం మధ్య ఉంటే దామాషా ప్రకారం కొంత వస్తుంది. సగం కంటే తక్కువైతే ఏమీ రాదు.

ఉపాధికి రుజువు

"మా పిల్లలందరికీ పని దొరికింది" అని రాస్తే చాలదు. ఉద్యోగమైతే నియామక పత్రం, జీతం స్లిప్పు లేదా జీతం జమైన బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర ఉంచుకోవాలి. జీతం కనీస వేతనానికి తగ్గకూడదు. ఆ పిల్లవాడు కనీసం మూడు నెలలు పనిలో ఉండాలి. యజమాని మారినా ఫరవాలేదు. ఇంట్లోనే మిషను పెట్టుకుని బట్టలు కుట్టే అమ్మాయిదీ ఉపాధే. కానీ దానికీ ఆధారం కావాలి. ట్రేడ్ లైసెన్సు, ఉత్పత్తిదారుల సంఘంలో సభ్యత్వం, ఆదాయం పెరిగినట్టు చూపే బ్యాంకు పుస్తకం వంటివి పనికొస్తాయి. కాబట్టి కుట్టుకూలి డబ్బు చేతికి తీసుకోకుండా ఖాతాలో వేయించుకోమని అమ్మాయిలకు మొదటి వారంలోనే చెప్పాలి. శిక్షణ ముగిశాక ఏడాదిపాటు ప్రతి విద్యార్థి ఎక్కడున్నారో తెలుసుకుంటూ ఉండాలనేది కూడా ఆ నిబంధనల్లో ఉంది. ఫోన్ నంబర్లు తరచూ మారిపోతాయి. చేరే రోజే తల్లిదండ్రులదో, మామయ్యదో రెండో నంబరు రాసుకుంటే మంచిది.

డబ్బు లెక్క

కేంద్ర గ్రాంటులకు 2017 నాటి సాధారణ ఆర్థిక నియమావళి వర్తిస్తుంది. ఆఫీసుల్లో దీన్ని జీఎఫ్ఆర్ అంటారు. దాని ప్రకారం వినియోగ ధ్రువపత్రం, మనం యూసీ అనేది, 12-ఏ ఫారంలో ఇవ్వాలి. అందులో పాత మిగులు ఎంత, ఈ ఏడాది వచ్చింది ఎంత, వడ్డీ ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎంత అన్నీ చూపాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా ఇవ్వాలన్నది గడువు. ఉదాహరణకు 2024-25లో తీసుకున్న గ్రాంటుకు 2026 మార్చి 31లోగా. అది ఆఖరి గడువు మాత్రమే. తర్వాతి విడత కావాలంటే అంతకుముందే ఇవ్వక తప్పదు. ఇవ్వకపోతే ముందుముందు ఏ గ్రాంటూ రాకుండా ఆ సంస్థను బ్లాక్‌లిస్టులో పెట్టే అధికారం శాఖకు ఉంది.

చాలామందికి తెలియని విషయం వడ్డీ. గ్రాంటు సొమ్ము బ్యాంకులో ఉండగా వచ్చిన వడ్డీ సొసైటీది కాదు. లెక్కలు ఖరారు కాగానే దాన్ని ప్రభుత్వానికి తిరిగి కట్టాలి. గ్రాంటుతో కొన్న మిషన్లను, కంప్యూటర్లను అనుమతి లేకుండా అమ్మడానికి గానీ మరో పనికి వాడటానికి గానీ వీల్లేదు. వాటికి విడిగా రిజిస్టరు ఉండాలి. కాగ్ ఆడిట్‌కు కూడా మన పుస్తకాలు సిద్ధంగా ఉండాలి.

ఇంకో మాట. ఎంత ఖర్చు పెట్టామో చెబితే సరిపోదని ఆ నియమావళే అంటోంది. అనుకున్న లక్ష్యం చేరామా లేదా, చేరకపోతే ఎందుకు చేరలేదు అని కూడా యూసీలో తెలపాలి. అంటే వెనకబడ్డామని చెప్పుకోవడానికి ఫారంలోనే చోటుంది. ఆ చోటును నిజంతో నింపాలి. 30 మందిలో ఐదుగురు మానేస్తే, ఒకరికి నిఖా అయింది, ఇద్దరు ఊరు మారారు, ఇద్దరికి బస్సు దొరకడం లేదని రాయండి. కారణం తెలిస్తే దారి దొరుకుతుంది. దాచితే అనుమానం మిగులుతుంది.

రేపటి నుంచి చేయదగిన పనులు

గ్రాంటుకు విడిగా బ్యాంకు ఖాతా, విడిగా క్యాష్ బుక్ పెట్టండి. జకాత్, సదఖా సొమ్ముతో దాన్ని ఎన్నడూ కలపకండి, తాత్కాలికంగా అయినా సరే. హాజరు ఏ రోజుది ఆ రోజే తీసుకోండి. ఓచరు మీద తేదీ, సంతకం లేకుండా డబ్బు ఇవ్వకండి. ప్రతి నెలా ఐదో తేదీలోగా కార్యదర్శి, కోశాధికారి, టీచరు ముగ్గురూ కూర్చుని ఒక పేజీ నివేదిక రాసుకోండి. శాఖ అడగకపోయినా రాయండి. అడిగిన రోజు వెతుక్కోనక్కర్లేదు.

ఇచ్చిపుచ్చుకునే సొమ్మును రాసిపెట్టుకోవడం మనకు కొత్త కాదు. ఖుర్ఆన్‌లో అతి పొడవైన ఆయత్ అప్పును రాసుకోవడం గురించే. చిన్న మొత్తమైనా సాక్షుల ముందు రాసుకోవాలని నేర్చుకున్నవాళ్లం మనం. ప్రజల పన్నుల సొమ్ము, పేదింటి పిల్లల భవిష్యత్తు రెండూ కలిసిన అమానత్ ఈ గ్రాంటు. దాని లెక్క ఇక్కడా చెప్పాలి, రేపు అక్కడా చెప్పాలి. ఆ లెక్క నిజాయితీగా చెప్పగల శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.