ఒంటరిగా ఒసాకాలో మొదటి రోజు

విదేశీ యాత్ర అనగానే మన ఆడవాళ్ళకి రెండు భయాలు. ఒకటి డబ్బు, రెండోది తోడు. "ఆయనకి సెలవు దొరికాక చూద్దాం, పిల్లల చదువులయ్యాక చూద్దాం" అనుకుంటూ ఉండగానే మోకాళ్ళ నొప్పులు మొదలవుతాయి. మా వారికి సెలవు దొరకలేదు. పిల్లలిద్దరూ హాస్టళ్ళలో ఉన్నారు. నాలుగేళ్ళు కట్టిన చీటీ డబ్బులు నా చేతికొచ్చాయి. "ఒక్కదానివేనా?" అని చుట్టాలు బుగ్గలు నొక్కుకున్నా సరే, 2024 నవంబరులో జపాన్‌లోని ఒసాకా నగరానికి వెళ్ళొచ్చాను. నేను చదివింది ఇంటర్ వరకే. ఇంగ్లీషు అంతంతమాత్రం, జపనీసు ఒక్క ముక్క రాదు.

కొత్త ఊళ్ళో ఒంటరిగా గడిపే మొదటి రోజే అసలు పరీక్ష. ఆ ఒక్క రోజు సాఫీగా గడిచిందంటే మిగతా రోజులు వాటంతటవే నడుస్తాయి. అందుకే ఆ మొదటి రోజు సంగతే చెబుతాను. మీలో ఎవరికైనా పనికొస్తుంది.

ఎందుకు ఒసాకా?

ఒసాకా పాతకాలం నుంచీ వ్యాపారుల ఊరు. క్యోటో వాళ్ళు బట్టలకీ, ఒసాకా వాళ్ళు తిండికీ ఆస్తులు తగలేస్తారని జపాన్‌లో ఒక సామెత ఉంది. మనుషులు కలుపుగోలుగా ఉంటారు. ఊరి నడిబొడ్డున నాంబా అనే పేట ఉంది. అక్కడ బస పెట్టుకుంటే చూడవలసినవి చాలావరకు నడిచో, నాలుగు స్టేషన్ల దూరం రైల్లోనో చూసేయొచ్చు.

కాన్సాయ్ విమానాశ్రయం సముద్రం మధ్యలో మట్టి పోసి కట్టిన దీవి మీద ఉంది. 1994లో తెరిచారు. అక్కడి నుంచి నాంబాకి నాన్‌కాయ్ కంపెనీ రైళ్ళు నడుస్తాయి. సోకుగా ఉండే ప్రత్యేక రైలుకి ఖర్చెక్కువ. అదే పట్టాల మీద వెళ్ళే మామూలు ఎక్స్‌ప్రెస్‌కి 970 యెన్లు, ముప్పావు గంట ప్రయాణం. ఊళ్ళోవాళ్ళంతా ఎక్కేది దాన్నే. వంద యెన్లంటే మన డబ్బుల్లో 55 నుంచి 60 రూపాయల మధ్య అని లెక్క పెట్టుకోండి.

స్టేషన్లోనే 2,000 యెన్లు పెట్టి ఇకోకా అనే కార్డు కొన్నాను. అందులో 500 డిపాజిట్టు. గేటు దగ్గర కార్డు ఆనిస్తే తలుపు తెరుచుకుంటుంది. ఏ ఊరికి ఎంత టికెట్టో అని కళ్ళు చికిలించుకుని బోర్డులు చదివే బాధ ఉండదు.

పడుకోవడానికి ఒక పెట్టె

ప్రపంచంలో మొట్టమొదటి క్యాప్సూల్ హోటల్ 1979లో ఒసాకాలోనే వెలిసింది. గది ఉండదు, మనిషి పడుకునేంత పెట్టె ఉంటుంది, దానికో తెర. ఆ తరహా హాస్టళ్ళు ఇప్పుడు కొన్ని ఆడవాళ్ళకి మాత్రమే అని కూడా ఉన్నాయి. నేను దిగిన దాంట్లో రాత్రికి 3,500 యెన్లు. మధ్యాహ్నం మూడింటి దాకా మంచం ఇవ్వరు కానీ, పెట్టె ఉంచుకుంటారు. చెప్పులు గుమ్మం దగ్గరే విప్పాలి. ఆ ఒక్క పద్ధతి చూసి మన ఇంటికే వచ్చినట్టనిపించింది.

మొహం కడుక్కుని, భుజాన ఒక సంచీతో ఉదయం పదింటికల్లా బయట పడ్డాను. ఒసాకా కోట చాలా పేరున్నది. కానీ అది తీరిగ్గా తిరగవలసిన చోటు. రాత్రంతా విమానంలో కూర్చుని వచ్చిన ఒంటితో కాదని మర్నాటికి పెట్టుకున్నాను. మొదటి రోజు తక్కువ చోట్లు, దగ్గర చోట్లు, డబ్బు అడగని చోట్లు చూడాలన్నదే నా లెక్క.

తాబేళ్ళ కోనేరు

నాంబా నుంచి మిదోసుజి లైనులో మూడో స్టేషను తెన్నోజి. ఆ లైనులో మామూలు పనిదినాల్లో ఆడవాళ్ళకి రోజంతా ఒక పెట్టె కేటాయిస్తారు. ప్లాట్‌ఫారం మీద గులాబి రంగు గుర్తు ఉంటుంది. రద్దీలో చేతులు వేసేవాళ్ళ బెడద ఆ దేశంలోనూ ఉంది కాబట్టే ఆ ఏర్పాటు. ఆడవాళ్ళు ఆ మాట అడిగి సాధించుకున్నారు కూడా. రైల్లో ఎవరూ ఫోన్లో గట్టిగా మాట్లాడరు.

తెన్నోజి స్టేషను నుంచి పావుగంట పైచిలుకు నడిస్తే షితెన్నోజి అనే బౌద్ధాలయం. 593లో షోతోకు అనే యువరాజు కట్టించాడని చెబుతారు. జపాన్‌లో అతి పాత ఆలయాల్లో ఇదొకటి. తుపానులకీ, 1945 బాంబు దాడులకీ కూలిపోగా మళ్ళీ పాత నమూనాలోనే కట్టుకున్నారు. షితెన్నో అంటే నలుగురు దిక్పాలకులు. వాళ్ళ పేర్లు తెలిశాక నాకు ఆశ్చర్యం వేసింది. ధృతరాష్ట్రుడు, విరూఢకుడు, విరూపాక్షుడు, వైశ్రవణుడు! మన దేశంలో పుట్టిన పేర్లు బౌద్ధంతో చైనా, కొరియా దాటుకుని ఇంత దూరం వచ్చి, జపనీసు పేర్లు పెట్టుకుని స్థిరపడ్డాయి.

లోపలి ఆవరణకి టికెట్టు ఉంది. బయటి ఆవరణ ఉచితం. ఐదంతస్తుల గోపురం బయటి నుంచి కూడా చక్కగా కనబడుతుంది. కోనేటి మధ్య తిన్నె మీద తాబేళ్ళు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఎండ కాచుకుంటున్నాయి. పక్క బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ ఒకరు నన్ను చూసి నవ్వి, చేతిసంచిలోంచి చాక్లెట్టు బిళ్ళ తీసి ఇచ్చింది. ఒసాకా పెద్దాడవాళ్ళ సంచుల్లో ఎప్పుడూ బిళ్ళలు ఉంటాయట, కొత్తవాళ్ళకి కూడా పంచుతారట. "ఓకిని" అన్నాను. ఒసాకా యాసలో కృతజ్ఞత చెప్పే మాట అది. ఆవిడ ఎంత సంబరపడిందో చెప్పలేను. ప్రతి నెలా 21, 22 తేదీల్లో ఇక్కడ పాత సామాన్ల సంత జరుగుతుంది. వీలైతే ఆ రోజుల్లో వెళ్ళండి.

తిరిగి స్టేషను దగ్గరకొస్తే అబెనో హరుకాస్ అనే 300 మీటర్ల భవనం ఉంది. పై అంతస్తులు ఎక్కాలంటే టికెట్టు కొనాలి. పదహారో అంతస్తులో మొక్కలు, కుర్చీలు వేసిన తోటకి మాత్రం ఏమీ ఇవ్వక్కర్లేదు. ఊరు అక్కడి నుంచే కావలసినంత కనబడింది. నా మధ్యాహ్న భోజనం అక్కడే.

మరి తిండి?

శాకాహారులకి అసలు చిక్కు ఇదే. కూరలే కనబడుతున్నాయి కదా అని నమ్మడానికి లేదు. వాళ్ళ పులుసుల్లో చాలావాటికి ఎండుచేప కాచిన నీళ్ళే మూలం. మాంసం లేదని చెప్పినా ఆ చేపనీళ్ళు ఉండొచ్చు. ఫోను కెమెరా లేబుల్ మీద పెడితే తెలుగులోకో, ఇంగ్లీషులోకో మార్చి చూపించే సదుపాయం ఉంది. ప్రయాణానికి ముందే నేర్చుకోండి.

వీధి వీధికీ రాత్రింబగళ్ళు తెరిచి ఉండే చిన్న దుకాణాలు ఉంటాయి. అక్కడ ఒనిగిరి అనే అన్నం ముద్దలు దొరుకుతాయి. నల్లటి సముద్రపు నాచు రేకు చుట్టి ఉంటుంది. ఊరేసిన ఉమె పండు పెట్టినది మన ఉప్పులో ఊరిన నిమ్మకాయలా పుల్లగా, ఉప్పగా ఉంటుంది. ఒక్కో కంపెనీ వాళ్ళు అందులోనూ చేపపొడి కలుపుతారు కాబట్టి లేబుల్ చూశాకే కొన్నాను. కాగితం మీద 1, 2, 3 అంకెలుంటాయి, ఆ వరసలో విప్పితే నాచు కరకరలాడుతూ వస్తుంది.

అదే దుకాణంలో వండిన తెల్లన్నం డబ్బా కూడా ఉంది. రెండు నిమిషాలు వేడి చేస్తే చాలు. నేను కందిపొడి, కరివేపాకు పొడి తీసుకెళ్ళాను. మర్నాటి నుంచి హాస్టలు వంటగదిలో నా ఉదయం ఫలహారం అదే. కుళాయి నీళ్ళు నిర్భయంగా తాగొచ్చు, సీసా పట్టుకెళితే చాలు.

గుంతపొంగనాల పెనం

మధ్యాహ్నం నాంబాకి తిరిగొచ్చి దోగుయాసుజి అనే వీధికి వెళ్ళాను. పైకప్పు వేసిన సన్నటి బజారు, రెండు వైపులా వంట సామాన్లే! రాగి మూకుళ్ళు, చెక్క గరిటెలు, కత్తులు, హోటళ్ళ అద్దాల వెనక పెట్టే ప్లాస్టిక్ వంటకాలు. ఒక చోట కాళ్ళు ఆగిపోయాయి. అచ్చం మన గుంతపొంగనాల పెనమే, ఇనుముది, వరసలు వరసలుగా గుంతలు. తకోయాకి అనే ఉండలు చేసే పెనం అది. 1935లో ఈ ఊళ్ళోనే పుట్టిన వంటకం. మధ్యలో ఆక్టోపస్ ముక్క పెడతారు కాబట్టి మనం తినలేం. కానీ సూదితో ఉండని తిప్పే ఒడుపు మా అమ్మ చేతిలోనూ చూశాను. బరువు గుర్తొచ్చి పెనం కొనలేదు. వంద యెన్ల దుకాణంలో పన్నుతో కలిపి 110 పెట్టి అల్లం కోరే చిన్న పళ్ళెం కొనుక్కున్నాను.

సాయంత్రం ఐదుకే చీకటి పడింది. దగ్గర్లోనే హోజెన్‌జి సందు, రాళ్ళు పరిచిన సన్న దారి. అక్కడి చిన్న గుళ్ళో ఫుదో విగ్రహం మీద భక్తులు గరిటెతో నీళ్ళు పోసి మొక్కుకుంటారు. పోసి పోసి విగ్రహం మొత్తం పచ్చటి నాచు పట్టింది, మొహం కూడా కనబడదు. ఫుదో అంటే సంస్కృతంలో అచలుడు, కదలనివాడు. నేనూ ఒక గరిటెడు నీళ్ళు పోసి దణ్ణం పెట్టుకున్నాను. అభిషేకం చేసే చేతులకి భాష అడ్డం రాలేదు.

"ఒక్కరేనా?"

రెండడుగులు వేస్తే దోతోన్‌బోరి కాలవ. పరుగెత్తే మనిషి బొమ్మ ఉన్న గ్లికో దీపాల బోర్డు మొదట 1935లో పెట్టారు, ఇప్పుడున్నది 2014 నాటిది. రంగురంగుల వెలుగులు నీళ్ళలో వణుకుతుంటే చూడడానికి డబ్బులక్కర్లేదు. కాకపోతే రోడ్డు మీద పిలిచి లోపలికి రమ్మనేవాళ్ళ వెంట మాత్రం వెళ్ళకండి.

రాత్రి భోజనానికి మాంసం వేయని కూర దొరికే కూర-అన్నం హోటలు ముందే చూసి పెట్టుకున్నాను. గుమ్మంలో అమ్మాయి ఒక వేలు చూపించి "హితోరి?" అంది. ఒక్కరేనా అని. నేను కూడా ఒక వేలు చూపించాను. అంతే! గోడకి ఆనించిన పొడుగు బల్ల ముందు కుర్చీ చూపించింది. నాకు అటూ ఇటూ కూడా ఒంటరిగా తింటున్నవాళ్ళే. ఎవరూ తలెత్తి చూడలేదు.

నలభై ఐదేళ్ళు వచ్చాయి, హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని తినడం అదే మొదటిసారి. ఇంట్లో అందరికీ వడ్డించి, చివర్న, ఒక్కోసారి నిలబడే తినేవాళ్ళం మనం. వేడి అన్నం నా ముందు పెట్టి, మధ్యలో లేపేవాళ్ళు ఎవరూ లేకపోతే, మొదటి నాలుగు ముద్దలు ఎలా తినాలో తోచలేదు. తర్వాత నెమ్మదిగా తిన్నాను. మన దగ్గర "ఒక్కదానివేనా?" అంటే నేరం అడిగినట్టుంటుంది. అక్కడ అది కుర్చీల లెక్క.

మొదటి రోజు ఖర్చు (యెన్లలో)

విమానాశ్రయం నుంచి రైలు: 970
హాస్టలు: 3,500
ఊళ్ళో రైళ్ళు, రెండు సార్లు: 480
తిండి, టీ: 1,600
అల్లం పళ్ళెం: 110
మొత్తం: 6,660. మన లెక్కలో నాలుగు వేల రూపాయల లోపు.

గుర్తుంచుకోండి

* టూరిస్టు వీసా ముందే తీసుకోవాలి. బస కాగితాలు, తిరుగు టికెట్టు సిద్ధంగా ఉంచుకోండి.

* స్టేషన్లలో మరుగుదొడ్లు ఉచితం, శుభ్రం. చేతులు తుడుచుకునే కాగితం ఉండకపోవచ్చు, చేతిరుమాలు మర్చిపోకండి.

* వీధుల్లో చెత్తబుట్టలు అరుదు. ఒక ప్లాస్టిక్ సంచీ దగ్గరుంచుకోండి.

* ఒసాకాలో ఎస్కలేటర్ మీద కుడివైపు నిలబడతారు. టోక్యోలో ఎడమవైపు.

* టిప్పులు ఇవ్వక్కర్లేదు. డబ్బులు చేతికి కాదు, బల్ల మీది పళ్ళెంలో పెట్టాలి.

* దారి తెలియకపోతే కోబాన్ అనే చిన్న పోలీసు గదిలో అడగండి. పోలీసులకి 110, అంబులెన్సుకి 119.

* వాళ్ళ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందు. ఇంటికి ఫోను చేసే వేళ ముందే చెప్పి వెళ్ళండి, కంగారు పడరు.

* నెల జీతంతో ఇల్లు నెట్టుకొచ్చే మనకి ఖర్చు తగ్గించడం ఎవరూ నేర్పక్కర్లేదు. చీటీ ఒకటి ఇవాళే మొదలుపెట్టండి, మీ పేరు మీద.