కడుపులో కనిపించని ఉచ్చు

కడుపునొప్పి అనగానే చాలా ఇళ్లలో ముందు అనుమానించేది గ్యాస్‌నే. ఇక ఇల్లాలికి వస్తే, కాస్త వామునీళ్లు తాగేసి మళ్లీ పనిలో పడిపోతుంది. చాలాసార్లు తగ్గిపోతుంది కూడా. కానీ ఎప్పుడో ఒకసారి ఆ నొప్పికి కారణం సందులో ఇరుక్కున్న పేగు కావచ్చు. అదే అంతర్గత హెర్నియా!

హెర్నియా అంటే గజ్జల్లోనో బొడ్డు దగ్గరో ఉబ్బు కనిపిస్తుందనే మనకు తెలుసు. ఇందులో అదేమీ ఉండదు. పేగు పొట్ట లోపలే ఇరుక్కుంటుంది. అందుకే పైకి తెలియదు.

ఆడవాళ్లకే వచ్చే రకం

గర్భసంచికి రెండు పక్కలా దుప్పటి మడతలాంటి పొర ఉంటుంది. పేరు బ్రాడ్ లిగమెంట్. దానికి చిల్లు పడితే చిన్నపేగు అందులోకి జారిపోవచ్చు. 1861లో క్వెయిన్ అనే వైద్యుడు శవపరీక్షల్లో దీన్ని గుర్తించారు. మొత్తం హెర్నియాల్లో అంతర్గతమైనవి ఒక శాతంలోపే. వాటిలోనూ ఈ రకం నాలుగు నుంచి ఏడు శాతమే.

చిల్లు కొందరికి పుట్టుకతోనే ఉంటుంది. కాన్పుల ఒత్తిడి, కటిభాగంలో ఆపరేషన్లు, ఇన్‌ఫెక్షన్లు, ఎండోమెట్రియోసిస్ కూడా కారణం కావచ్చు.

ఆపరేషన్ కాకపోయినా...

చిన్నపేగు మూసుకుపోతే వైద్యులు ముందుగా అడిగేది ‘ఇదివరకు పొట్టకు ఆపరేషన్ అయిందా?’ అనే. పాత ఆపరేషన్ వల్ల ఏర్పడే అతుకులే దీనికి ప్రధాన కారణం మరి. అయితే ఏ ఆపరేషనూ జరగనివారికీ పేగు మూసుకుపోవచ్చు. ఆ మాటతో నిశ్చింత పడకూడదు.

అలలు అలలుగా మెలిపెట్టే నొప్పి, ఆగని వాంతులు, పొట్ట ఉబ్బరం, మలం, అపానవాయువు రాకపోవడం... ఇవి ప్రమాద సంకేతాలు. నొప్పి ఎడతెగకుండా ఉన్నా, జ్వరం వచ్చినా పేగుకు రక్తం అందడం లేదేమోనని అనుమానించాలి. ఆలస్యమైతే పేగు కుళ్లిపోతుంది. ప్రాణానికే ముప్పు.

ఎక్స్‌రేలో పేగు మూసుకుపోయిందని తెలియొచ్చు. ఎక్కడ, ఎందుకన్నది సీటీ స్కాన్ మెరుగ్గా చూపిస్తుంది. ఒక్కోసారి ఆపరేషన్ బల్ల మీదే అసలు సంగతి బయటపడుతుంది. సర్జన్లు ల్యాప్రోస్కోపీతోనో పొట్ట తెరిచో పేగును విడిపిస్తారు. పాడైన ముక్కను తొలగించి, చిల్లును కుట్లతో మూసేస్తారు. రెండో పక్క పొరనూ పరీక్షిస్తారు.

ఇలా చేయండి

* ఈ లక్షణాలుంటే ఆముదం, విరేచనాల మందులు వేసుకోవద్దు. ఏమీ తినకుండా, తాగకుండా వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి.

* అపానవాయువు ఎప్పటి నుంచి ఆగిపోయిందో సిగ్గుపడకుండా చెప్పండి. కాన్పులు, ఆపరేషన్ల వివరాలూ చెప్పండి.

* ‘పొద్దున్నకి తగ్గిపోతుందిలే’ అని ఇంట్లో ఆడవాళ్లు అంటే ఊరుకోవద్దు. రాత్రయినా సరే, బయల్దేరదీయండి.