సికింద్రాబాద్ గోలీ

1962 సెప్టెంబరు 4. జకార్తాలోని సెనయన్ స్టేడియం. దాదాపు లక్షమంది జనం. వాళ్లలో మనవాళ్లు గెలవాలని కోరుకునేవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆసియా క్రీడలకు రానివ్వకపోవడాన్ని మన క్రీడా ప్రముఖుడు గురుదత్ సోంధీ తప్పుపట్టాడు. ఆ కోపమంతా ఫుట్‌బాల్ ఆటగాళ్లమీదికి మళ్లింది. ఎక్కడికెళ్లినా ఈలలూ, కేకలూ.

ఫైనల్లో ప్రత్యర్థి దక్షిణ కొరియా. తొలి మ్యాచ్‌లో మనల్ని 2-0తో ఓడించిన జట్టు. కానీ ఆరోజు ఆట మొదలైన ఇరవై నిమిషాల్లోనే స్కోరు తిరగబడింది. 17వ నిమిషంలో పి.కె.బెనర్జీ, 20వ నిమిషంలో జర్నైల్‌సింగ్... మనకు రెండు గోల్స్!

అక్కణ్నుంచే అసలు పరీక్ష. ఇంకా డెబ్భై నిమిషాలు మిగిలే ఉన్నాయి. ఆ డెబ్భై నిమిషాలూ మన గోల్‌పోస్టు ముందు నిలబడాల్సిన మనిషి, టోర్నీ మధ్యలో జ్వరంతో మంచమెక్కి, ఫైనల్‌కి లేచి వచ్చినవాడు. సెమీస్‌లో ఆయన బదులు ప్రద్యుత్ బర్మన్ గోలీగా ఆడాడు. గెలిచిన జట్టును కదపకూడదంటారు. అయినా కోచ్ రహీమ్ ఫైనల్‌కి మళ్లీ ఆ పొడగరినే పిలిచాడు. కొరియా 85వ నిమిషంలోగానీ ఒక్క గోల్ చేయలేకపోయింది. 2-1... స్వర్ణం మనదే.

ఆ గోలీ పేరు పీటర్ తంగరాజ్. పేరు వింటే తమిళం గుర్తొస్తుంది. కానీ పుట్టింది మన హైదరాబాద్‌లో, 1935 డిసెంబరు 24న.

గోల్ కొట్టాల్సినవాడు...

సికింద్రాబాద్‌కి ఫుట్‌బాల్ కొత్తకాదు. కంటోన్మెంటు ఊరు కదా, సోల్జర్లతోపాటే బంతీ వచ్చింది. అక్కడి మార్నింగ్ స్టార్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్బుల్లో తంగరాజ్ ఆట మొదలైంది. 1953లో సైన్యంలో చేరాడు. ఊటీకి దగ్గర్లోని వెల్లింగ్టన్‌లో ఉన్న మద్రాస్ రెజిమెంటల్ సెంటర్ ఆయనకు రెండో ఇల్లయింది.

విచిత్రమేమిటంటే... అక్కడ మొదట ఆయన సెంటర్ ఫార్వర్డ్. అంటే గోల్ కొట్టడమే పని. తర్వాత గోల్‌పోస్టు కిందికి మారాడు. ఆరడుగులు దాటిన ఎత్తు, పొడవాటి చేతులు... ఆ మార్పు అందరికీ కలిసొచ్చింది. ఆ జట్టు 1955లో, మళ్లీ 1958లో డ్యూరాండ్ కప్ గెలుచుకుంది. ఫార్వర్డ్‌గా ఆడిన కాలం కూడా వృథా కాలేదనే అనిపిస్తుంది. ఎదురుగా పరుగెత్తుకొచ్చేవాడు ఎటు కొడతాడో ఊహించాలంటే, ఒకప్పుడు అలా పరుగెత్తినవాడికి మించినవాడెవరు?

ఇంతకీ గోలీ పనేమిటో టీవీలో చూసేవాళ్లకి అంతగా తెలియదు. గోల్ వెడల్పు 24 అడుగులు, ఎత్తు 8 అడుగులు. మొత్తం 192 చదరపు అడుగులు... మన ఇళ్లలో ఓ మంచి గది అంత! దానికంతటికీ ఒక్కడే కాపలా. పెనాల్టీ కిక్ అయితే 36 అడుగుల దూరం నుంచి బంతి దూసుకొస్తుంది. పైగా తంగరాజ్ కాలంలో ఇప్పటిలా బంతిని పట్టేసే మందపాటి గ్లవ్స్ లేవు. తోలుబంతి వానలో తడిస్తే రాయిలా బరువెక్కేది. బంతి పట్టుకున్న గోలీని ఎదుటి ఫార్వర్డ్ భుజంతో ఢీకొట్టడం ఆటలో మామూలే. ఒక్క సౌకర్యం మాత్రం ఉండేది... సొంత డిఫెండర్ కాలితో వెనక్కి అందించిన బంతిని కూడా చేత్తో తీసుకోవచ్చు. 1992లో ఆ వెసులుబాటునూ తీసేశారు.

రహీమ్ చేతిలో...

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కి వెళ్లిన భారత జట్టులో అరడజనుకు పైగా హైదరాబాదీలే. కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌దీ హైదరాబాదే. బడిపిల్లలకు పాఠాలు చెప్పి, ఆ తర్వాత దేశానికి ఆట నేర్పిన మాస్టారు. ఆ ఏడాది మనం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీస్ చేరాం. యుగోస్లావియా, బల్గేరియాల చేతుల్లో ఓడి నాలుగో స్థానంతో తిరిగొచ్చాం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మనవాళ్లు అంతకుమించి ఎదగలేదు. ఆ జట్టులో తంగరాజ్‌కి అప్పటికి ఇంకా 21 ఏళ్లు నిండలేదు.

రెండేళ్లకే, 1958లో ఆసియాలోకెల్లా ఉత్తమ గోల్‌కీపర్‌గా ఎంపికయ్యాడు. 1960లో రోమ్ ఒలింపిక్స్. హంగరీలాంటి మేటి జట్టు మనమీద గెలవడానికి 2-1 దాకా చెమటోడ్చింది. ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. ఆ పర్యటనలోనూ సికింద్రాబాద్ వాసనే... హంగరీపై, పెరూపై గోల్స్ కొట్టింది అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం. గోల్ కొట్టేవాడూ, గోల్ ఆపేవాడూ ఒకే ఊరివాళ్లు కావడం ఎంత గొప్ప సంగతో!

జకార్తాకి వెళ్లేనాటికి రహీమ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. స్వర్ణం గెలిచిన తొమ్మిది నెలలకు, 1963 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. అదే మాస్టారి చివరి పెద్ద విజయం.

కోల్‌కతా రోజులు

సైన్యం నుంచి బయటికొచ్చాక తంగరాజ్ కోల్‌కతా చేరాడు. మహమ్మదన్ స్పోర్టింగ్, మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్... మూడు పెద్ద క్లబ్బులకూ ఆడాడు. ఆ ఊళ్లో ఒక క్లబ్బు నుంచి ఎదుటి క్లబ్బుకి వెళ్లడమంటే మాటలు కాదు. నిన్న భుజాలకెత్తుకున్నవాళ్లే ఇవాళ శాపనార్థాలు పెడతారు. ఆయన మూడింట్లోనూ నెగ్గుకొచ్చాడు. 1966 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లోనూ దేశానికి ఆడాడు. 1967లో అర్జున అవార్డు వచ్చింది. ఫుట్‌బాల్‌లో ఆ గౌరవం అందుకున్న తొలి గోల్‌కీపర్ ఆయనే. అంతకుముందు చునీ గోస్వామి, జర్నైల్‌సింగ్, యూసుఫ్‌ఖాన్ లాంటివాళ్లకు ఇచ్చారు. గోలీ వంతు వచ్చేసరికి ఆమాత్రం ఆలస్యం ఎప్పుడూ ఉండేదే.

1970ల మొదట్లో ఆట ముగించాడు.

ఉక్కునగరంలో మాస్టారు

ఆ తర్వాత జీవితం చాలామంది ఎరగరు. కోచ్‌గా మొదట గోవాలో వాస్కో క్లబ్బు. తర్వాత అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయం. చివరికి బొకారో. ఇప్పటి జార్ఖండ్‌లోని ఆ ఉక్కునగరంలో, స్టీల్‌ప్లాంట్ ఫుట్‌బాల్ అకాడమీ పిల్లలకు ఆట నేర్పాడు. వెల్లింగ్టన్ కొండల నుంచి మెల్‌బోర్న్, రోమ్, జకార్తా చుట్టొచ్చిన మనిషి అక్కడే స్థిరపడిపోయాడు.

పెద్ద క్లబ్బు కోచ్ అయితే వారానికోసారి పేపర్లో పేరొస్తుంది. పిల్లల కోచ్‌కి అదీ ఉండదు. వాడు పెద్దయ్యాక గోల్ కొడితే వాడి పేరే రాస్తారు, నేర్పినవాడిది రాయరు. మన దగ్గర పాత గోలీలకు మరో ఇబ్బందీ ఉంది. వాళ్ల ఆటను ఎలా కొలవాలి? ఫార్వర్డ్‌కి గోల్స్ లెక్క ఉంది. జకార్తా ఫైనల్ రికార్డు తిరగేయండి... 17వ నిమిషం, 20వ నిమిషం, 85వ నిమిషం. గోల్ కొట్టిన ముగ్గురి పేర్లూ ఉంటాయి. మధ్యలో ఎన్ని బంతులు ఆగాయో, ఎలా ఆగాయో స్కోరుకార్డు చెప్పదు. ఆ మ్యాచ్‌ను ఇప్పటి మ్యాచ్‌ల్లా వెనక్కి తిప్పి చూద్దామన్నా కుదరదు.

2008 నవంబరు 24న బొకారోలో తంగరాజ్ గుండెపోటుతో మరణించాడు. ఇంకో నెలరోజులుంటే 73వ పుట్టినరోజు జరుపుకొనేవాడు. బలరాం 2023 ఫిబ్రవరిలో వెళ్లిపోయాడు.

2024 ఏప్రిల్‌లో రహీమ్ కథతో అజయ్ దేవగణ్ ‘మైదాన్’ వచ్చింది. మన ఇళ్లలో చాలామంది పిల్లలు ఈ పేర్లు మొదటిసారి విన్నది అందులోనే. చూడనివాళ్లు ఈసారి చూసేటప్పుడు గోల్స్ కొట్టేవాళ్లను కాసేపు వదిలేసి, మన పోస్టుల మధ్య నిలబడ్డ పొడగరి కుర్రాడిమీద ఓ కన్నేయండి. ఆయనే మన తంగరాజ్. అన్నట్టు, ఆరోజు తర్వాత ఆసియా క్రీడల్లో మన ఫుట్‌బాల్ జట్టుకి స్వర్ణం మళ్లీ రాలేదు. 1970లో బ్యాంకాక్‌లో వచ్చిన కాంస్యమే ఆఖరి పతకం.