నిజాంసాగర్ విహారము – పంచాయతీల బాధ్యత

వానాకాలము కడపట నిజాంసాగర్ నిండినదను వార్త తెలియగానే బాన్సువాడ చుట్టుపట్ల గ్రామములనుండి జనులు పిల్లాపాపలతో కట్ట చూడ తరలుదురు. కార్తికమాసమున వనభోజనములకు వచ్చువారును కలరు. ఏడాదిపొడవున పొలముపనులలో అలసినవారికి ఇట్టి విహారము అవసరమే. కాని వెళ్ళినవారందరును క్షేమముగా ఇల్లు చేరవలెను. నీరు నిర్మలముగా నుండవలెను. ఈ రెండు విషయములందును గ్రామ పంచాయతీలు చేయదగిన పని ఎంతయో కలదు.

మంజీరా నది మహారాష్ట్రమందలి బాలాఘాట్ కొండలలో పుట్టి, కర్ణాటకమును దాటి మన ప్రాంతమునకు వచ్చి, కందకుర్తి వద్ద గోదావరిలో కలియుచున్నది. ఈ నదిపై అచ్చంపేట, బంజేపల్లి గ్రామముల నడుమ 1923లో ఆనకట్ట పని ప్రారంభమై 1931లో ముగిసినది. దీనిని రూపొందించిన ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్. కట్ట పొడవు సుమారు 3 కిలోమీటర్లు. దానిపై 14 అడుగుల వెడల్పు గల దారిని ఆనాడే ఏర్పరచిరి. ఈ కాలువ నీటితో పెరిగిన చెరకే 1937లో బోధన్‌లో స్థాపింపబడిన చక్కెర కర్మాగారమునకు ఆధారమయ్యెను. ఆ కర్మాగారము 2015లో మూతబడినను, కాలువ క్రింద వరి పండుచునే యున్నది.

మొదట ఈ జలాశయమున సుమారు 29.7 టి.ఎం.సి.ల నీరు నిలిచెడిది. ఏటేట వరదతో వచ్చిన ఒండ్రు అడుగున పేరుకొనుటచే ఆ చోటు తగ్గినది. నేడు 1405 అడుగుల పూర్తి నీటిమట్టమున సుమారు 17.8 టి.ఎం.సి.లు మాత్రమే నిలుచును. ఈ ఒండ్రు వలన నష్టము పంటకే కాదు, స్నానమునకు దిగువారికిని ప్రమాదమే. జలాశయము అంచున నీరు మోకాటిలోతు మాత్రమే యున్నట్లు కనిపించును; అడుగు వేయగానే కాలు బురదలో దిగబడును. పాత వాగు గండి అచ్చటనే యుండవచ్చును. ఊరి చెరువులో ఈత నేర్చినవాడు కూడ ఇచ్చట ఆ ధైర్యముతో దిగరాదు.

వరదకాలమున గేట్లు ఎత్తినప్పుడు కట్ట దిగువ ఏరు స్వల్పకాలములోనే పొంగును. ఎగువన కురిసిన వాన మనకు కానరాదు. ఆకాశము నిర్మలముగా నున్నదని ఇసుకలో వంటలు పెట్టుకొనుట, ఏటి నడుమ బండలపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనుట ప్రాణాపాయకరము. పడవ ఎక్కువారు ప్రాణరక్షక కవచము తప్పక ధరింపవలెను. పరిమితికి మించి ఎక్కరాదు.

ఎవరేని మునుగుచున్నచో తొందరపడి నీటిలో దూకరాదు. ఒకరికై మరియొకరు ప్రాణము కోల్పోవుట ఇట్లే జరుగుచున్నది. త్రాడు, పొడవైన కర్ర, చీర కొంగు, మూతబిగించిన ఖాళీ డబ్బా – ఏది దొరికిన దానిని అందింపవలెను. ఒడ్డునకు చేర్చినవానికి ఊపిరి ఆడనిచో, కడుపు నొక్కి నీరు కక్కించుటకై కాలము వృథా చేయరాదు. నోటిద్వారా ఊపిరి ఊదుచు, రొమ్ము నడుమ గట్టిగా నొక్కుచు, 108కి కబురు చేయవలెను.

విహారమునకు వచ్చినవారు విడిచిన ప్లాస్టిక్ సంచులు, విస్తళ్ళు, సీసాలు గాలికి నీటిలో పడి, తూములకును పిల్లకాలువలకును అడ్డుపడును. పగిలిన సీసా పెంకు నాటు వేయు స్త్రీ కాలిలో గ్రుచ్చుకొనవచ్చును. పైన ఒకరి నిర్లక్ష్యము క్రింద వేరొకరికి నొప్పి యగుచున్నది.

కావున పంచాయతీ సభ్యులకు మా మనవి ఇది. నీటిపారుదల శాఖవారు గేట్లు ఎత్తుటకు ముందు పంపు హెచ్చరికను వెంటనే ఊరంతట చాటింపు వేయింపుడు. ప్రమాదస్థలములవద్ద తెలుగులో పెద్ద అక్షరములతో పలకలు నిలుపుటకు ఆ శాఖను కోరుడు. పండుగదినములలో ఇద్దరు ఈతగాండ్రను, పొడవైన త్రాటిని రేవువద్ద సిద్ధముగా నుంచుడు. చెత్తకు తొట్లు, స్త్రీలకు మరుగుదొడ్లు ఏర్పరచుడు. బడి పిల్లలు వచ్చినప్పుడు పెద్దవారు ప్రతి గుంపును లెక్కించి తీసికొని పోవునట్లు ఉపాధ్యాయులతో మాటాడుడు.

ఇందు పెద్ద ఖర్చుతో కూడిన పని ఏదియు లేదు. ఒక్క త్రాడు, ఒక్క పలక, సమయమునకు వేసిన ఒక్క చాటింపు ఒక బిడ్డను తల్లి ఒడికి తిరిగి చేర్చగలవు. ఈ సంవత్సరము జలాశయము నిండకముందే మీ పంచాయతీ సమావేశమున ఈ విషయమును చర్చకు పెట్టి, ఏ పని ఎవరు చేయవలెనో నిర్ణయింప కోరుచున్నాము.